గొళ్లెం గారు తప్పుకున్న ఆర్డరు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు. కానీ జీతాల రోజున తప్ప ఆ కార్ఖానాలో దాని అవసరం ఎవరికీ కలిగేది కాదు. అందరికీ ఆయన గొళ్లెం గారు. సరుకు సిద్ధమై, పెట్టెలకెక్కి, మేకులు కొట్టించుకొని, లారీ కోసం ఎదురుచూసే వేళ "ఇంకా గొళ్లెం తియ్యలేదు" అన్న మాట మేడ మీది గదినుండి దిగివస్తే, యజమాని అయినా సరే ఆగవలసిందే. ఎవరైనా పొరపాటున ఎదుటే ఆ పేరుతో పిలిచి నాలుక కరచుకుంటే ఆయన నొచ్చుకునేవారు కాదు. "తలుపు మీద చిలకలు చెక్కడానికి వేరేవాళ్లున్నారులే. నన్ను గొళ్లెంగానే ఉండనీ" అనేవారు.

ఆ కార్ఖానాలో తయారయ్యేవి పంపులు. బావిలో నీరు తోడే మామూలు పంపులు కావవి. ఇనుమును సైతం తినివేసే ఘాటైన ఆమ్లాలను ఒక తొట్టి నుండి మరొక తొట్టికి బొట్టు కారకుండా మోయగలవి. ఎరువులు చేసేవారికి, రంగులు చేసేవారికి, తోళ్లు శుద్ధి చేసేవారికి అవి ప్రాణం. అయితే అదే పంపు విషవాయువు వండేవాడి చేతికి చిక్కితే విషాన్నీ అంతే శ్రద్ధగా మోస్తుంది. యంత్రానికి పాపపుణ్యాలు తెలియవు. తెలియవలసిన భారమంతా దాన్ని అమ్మేవాడి మీద పడుతుంది. అందుకే అటువంటి సరుకు ఫలానా దేశాలకు, ఫలానా మనుషులకు చేరకూడదని ప్రభుత్వాలు నిషేధాలు విధిస్తాయి. నిషేధం ఉన్నచోట దాన్ని దాటించే దొంగదారి కూడా ఉంటుంది. తన పేరు చెప్పుకోలేనివాడు మంచి పేరున్న మరొకణ్ణి ముందు నిలబెట్టి కొనిపిస్తాడు.

గొళ్లెం గారి పని చెప్పడానికి సులువు. కొనేవాడెవడు, వాడి వెనుక నిలిచినవాడెవడు, సరుకు ఏ దారిన పోయి ఎక్కడ ఆగుతుంది, ఆగినచోట దానితో ఏం చేస్తారు అన్న ప్రశ్నలకు మనసుకు పట్టే జవాబు దొరికేదాకా పెట్టెలను కదలనివ్వకపోవడమే ఆ పని. ఆయనకు పూర్వం ఆ కుర్చీలో కూర్చున్నవాడు మెత్తని మనిషి. ఎవరేం చెప్పినా తల ఊపేవాడు. ఆ తల ఊపులలో ఒకటి బెడిసికొట్టి, కార్ఖానాకు ఎగుమతి అనుమతి రద్దయింది. కొలిమి చల్లారింది. పనివాళ్లు చాలామంది ఊరు విడిచి వేరే పనులు వెతుక్కున్నారు. తిరిగి అనుమతి వచ్చినప్పుడు యజమాని, ప్యాకింగు షెడ్డులో ప్రతి పెట్టె దగ్గరా "ఇది ఎవరికి? ఎందుకు?" అని నసపెట్టే గుమాస్తా ఒకడున్నాడని గుర్తు చేసుకొని, ఆయన్ను మేడ మీదికి పిలిపించాడు. నసే అర్హతగా మారిన ఉద్యోగం అది.

ఆయన దైవభక్తి గల మనిషి. పొద్దున్నే కాసేపు కళ్లు మూసుకొని కూర్చోనిదే ఇల్లు కదిలేవారు కాదు. న్యాయం చెప్పవలసినవాడు మొదట తనను తాను శంకించుకోవాలన్నది ఆయన పురాణాలనుండి గ్రహించిన సారం. దానినే ఆఫీసులో ఒక కట్టుబాటుగా మార్చారు. సొంతవాళ్లు తెచ్చిన ఆర్డరును ముట్టుకోరాదు, దాని గురించి అడగరాదు, వినరాదు. అటువంటిది వస్తే పక్క బల్లకు తోసివేయాలి. యజమానికి ఆ కట్టుబాటు ఎంతగానో నచ్చింది. పరీక్ష పెట్టే సందర్భం మాత్రం చాలాకాలం రాలేదు.

వచ్చినప్పుడు అది బావమరిది రూపంలో వచ్చింది.

భార్యకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి మాటలు కూడా సరిగా రాలేదు. ఆమే చంకనెత్తుకొని పెంచింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు పెట్టెతోపాటు తమ్ముణ్ణీ తెచ్చుకుందని చుట్టాలు ఎగతాళి చేసేవారు. వాడు పెరిగి పెద్దవాడై చెయ్యని వ్యాపారం లేదు, నిలబడిన వ్యాపారమూ లేదు. చివరికి కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ నడుమ మాట కలిపే ఏజెంటు పనిలో కుదురుకున్నాడు. సముద్రం అవతలి రేవు పట్టణంలోని ఒక వర్తకుడు రంగుల కార్ఖానా కోసం పంపులు కావాలన్నాడని, తొలిసారి పెద్ద ఆర్డరు పట్టుకొని వచ్చాడు. ఇది నిలబడితే వ్యాపారంలో వాడికొక ముఖం ఏర్పడుతుంది. ఇతర కార్ఖానాల గుమ్మాలు తెరుచుకుంటాయి. పోతే, మళ్లీ అక్క చేతి కంచమే గతి.

గొళ్లెం గారు చెయ్యవలసినట్టే చేశారు. "ఈ ఆర్డరు తెచ్చినవాడు నా భార్య తమ్ముడు. నేను దీన్ని చూడను" అని యజమానికి రాసిచ్చి, కాగితాలు విప్పకుండానే రెండో బల్ల అమ్మాయి ముందు పెట్టారు. ఆమె ఆయన దగ్గరే పని నేర్చుకున్నది, చురుకైనది. ఆ తరువాత ఆ ఆర్డరు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన కుర్చీని గోడవైపు తిప్పుకొని కూర్చునేవారు. ఫోనులో ఆమె ఆ వర్తకుడితో మాట్లాడుతుంటే లేచి వరండాలోకి పోయేవారు. ప్యూను మంచినీళ్లు అక్కడికే తెచ్చిచ్చి, "బావమరిది బాగా తిప్పుతున్నాడండీ మిమ్మల్ని" అని నవ్వేవాడు.

పంపులు తయారయ్యాయి, పెట్టెలకెక్కాయి. రెండో బల్ల ముద్ర పడింది. సోమవారం లారీ వస్తుందనగా, ఆదివారం మధ్యాహ్నం బావమరిది భోజనానికి వచ్చాడు. వస్తూనే వీధి గుమ్మంలో చెప్పులు చెరొక దిక్కుకూ విదిలించాడు.

"అక్కా, ఇవాళ నాకు కొసరి కొసరి వడ్డించాలి. రేపటినుంచి నేను చాలా పెద్దమనిషిని."

"పెద్దమనిషివైతే ముందు చెప్పులు సరిగ్గా పెట్టి రా" అన్నది అక్క.

వాడు కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద నోట్లోకి పోవడం లేదు. మాటలే బయటికి వస్తున్నాయి.

"ఇంత బంగారంలాంటి పార్టీని నేను చూళ్లేదు బావా. బేరమా, లేదు. తొందరా, లేదు..."

గొళ్లెం గారు ఎడమచేయి ఎత్తారు. "ఒరేయ్, నాకు చెప్పకు. ఆ ఆర్డరుకి నేను దూరం."

"దూరమంటే ఎంత దూరం బావా? కంచం తీసుకుని పెరట్లోకి వెళ్తావా?"

"వెళ్లమంటే వెళ్తాను."

"కూర్చో కూర్చో. నీకు కాదు, మా అక్కకి చెప్పుకుంటున్నా. వినక్కా! మామూలుగా అయితే పంపు కొన్నవాడు ఫిట్టర్ని పంపమని ప్రాణం తీస్తాడు. వీళ్లకి ఫిట్టరూ వద్దట, గ్యారంటీ కూడా వద్దట! 'ఓడెక్కించండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం' అన్నారు. ఎంత మంచి మనుషులో చూడు. నన్ను ఒక్క మాట కూడా అడగరు!"

"నిన్ను అడిగి తెలుసుకునేదేముందిలే" అని అక్క నవ్వింది. వాడూ నవ్వాడు.

గొళ్లెం గారి చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ పంపుల సంగతి ఆయనకు తెలుసు. లోపలి పొరను వెంట్రుకవాసి ఎడం లేకుండా అమర్చి బిగించడం ఆ కార్ఖానా ఫిట్టర్లకే చేతనైన విద్య. తప్పుగా బిగిస్తే నెల తిరిగేలోగా ఆమ్లం కారి నేలను తినేస్తుంది. కొన్న ప్రతివాడూ ఫిట్టరు ఇంకొన్నాళ్లు ఉంటే బాగుండునని పేచీ పెడతాడే తప్ప, అసలు రానేవద్దన్నవాడు ఇంతవరకు లేడు. గ్యారంటీ వదులుకోవడం మరీ విడ్డూరం. తెలివితక్కువతనం వల్ల వద్దన్నారా అంటే, తెలివితక్కువవాడు బేరమాడకుండా ఉండడు. ఇక మిగిలేది ఒకటే. పంపు బిగించే చోటును మరొకరి కంట పడనివ్వకూడదనుకునేవాడు మాత్రమే అలా అంటాడు.

భోజనమయ్యాక వాడు చాప మీద ఒరిగి గుర్రు పెట్టాడు. సాయంత్రం లేచి, మొహం కడుక్కొని, అక్క ఇచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చిన భార్య నేరుగా అడిగింది.

"వాడన్న మాటల్లో ఏం తప్పుంది? మీ మొహం అప్పట్నుంచీ అదోలా ఉంది."

ఆయన దాచలేదు. విషయమంతా విడమరచి చెప్పారు. ఆమె చాలాసేపు గ్లాసు తోమినదే తోముతూ విన్నది.

"వాడికి తెలిసే చేశాడంటారా?"

"తెలిస్తే గొప్పగా చెప్పుకోడు. వాడు వెర్రిబాగులవాడు. కానీ సరుకు దాటితే, తరవాత అడిగేవాళ్లు వెర్రిబాగులతనాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆర్డరు తెచ్చింది వాడు."

"అయితే చెప్పండి, ఆపించండి. కాకపోతే ముందు వాడితో ఒక మాట అని, తరవాత మీ వాళ్లకి చెప్పండి."

"అదే చెయ్యకూడదు."

"ఎందుకని?"

"ముందు వాడికి చెప్పాననుకో. వాడు కంగారుపడి ఆ వర్తకుడికి ఫోన్ చేస్తాడు, వాళ్లు జాగ్రత్తపడతారు. ఆ పూట నుంచి వాడు నిజంగానే వాళ్ల మనిషైపోతాడు. నేను కూడా."

ఆమె గ్లాసు బోర్లించింది. "నా తమ్ముడు నా ఇంట్లో, నేను వడ్డించిన అన్నం తింటూ అన్న మాట అది. మీతో కూడా కాదు, నాతో అన్నాడు."

"అవును" అన్నారాయన. "కానీ విన్నాను."

వాదించడానికి ఆమెకు మాటలు లేక కాదు. తమ్ముణ్ణి కాపాడడానికి ఆ మాటలు పనికిరావని తెలిసి ఊరుకున్నది.

సోమవారం ఉదయం గొళ్లెం గారు కుర్చీని గోడవైపు తిప్పలేదు. రెండో బల్ల ఎదుటికి లాక్కొని కూర్చున్నారు.

"అమ్మాయ్, మా వాడి ఆర్డరు చూశావు కదా?"

ఆమె తెల్లబోయింది. ఆ ఆర్డరు పేరు ఆయన నోట రావడం అదే మొదలు. "చూశాను సార్. కొనేవాడి పేరు నిషేధాల జాబితాలో లేదు. రంగుల కార్ఖానా అన్నారు."

"ఆ కార్ఖానా ఎక్కడుందో అడిగావా?"

"అడిగాను సార్. పంపుతామన్నారు. పంపలేదు."

"మళ్లీ అడిగావా?"

ఆమె బల్ల మీది కాగితాలు సర్దింది. తరువాత, ఆయన దగ్గర అబద్ధమాడడం అలవాటు లేనిది కనుక, ఉన్నమాట చెప్పేసింది. "లేదు సార్. మీ బావమరిదిగారు తెచ్చింది కదా. తేడా ఉన్నదైతే మీరు ఇంట్లోనే ఆపేసి ఉంటారనుకున్నా. పైగా గుచ్చి గుచ్చి అడిగితే మిమ్మల్ని అనుమానించినట్టుంటుందని..."

ఆమె చూడకపోవడానికి కారణం ఆయన మీద ఉన్న నమ్మకం. ఆయన చూడకపోవడానికి కారణం తన మీద తాను పెట్టుకున్న ఆంక్ష. ఇద్దరిలో ఎవరికీ దురుద్దేశం లేదు. ఇద్దరి మర్యాదల నడుమ నుండి పెట్టెలు దర్జాగా గుమ్మం దాకా నడిచాయి. ఆసనం దిగినవాడు అందులో మరొకరు కూర్చున్నారో లేదో వెనుదిరిగి చూడాలి. అంత మాత్రం చెయ్యక, పరిశుద్ధంగా గోడను చూస్తూ కూర్చోవడం భక్తి అనిపించుకోదు, న్యాయమూ అనిపించుకోదు. దాని వల్ల లాభపడ్డది ఆ గోడ ఒక్కటే అని ఆయనకు తోచింది.

యజమాని గదిలో మాత్రం తాడోపేడో అన్నట్టే సాగింది. అందరూ పెద్దాయన అని పిలిచే ఆ యజమానికి కోపం వస్తే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టే అలవాటు. గొళ్లెం గారు చెప్పడం పూర్తి కాకముందే కళ్లజోడు దిగింది.

"తప్పుకున్నది నువ్వే కదయ్యా! చూడనన్నావు, ముట్టుకోనన్నావు. లారీ గేటు దగ్గరికొచ్చాక ఇప్పుడు దూరతావేంటి?"

"తప్పుకోవడం వరకు సరిగ్గానే చేశానండి. తప్పుకున్నాక ఎవరు చూస్తున్నారో చూసుకోలేదు."

"నీకెలా తెలిసింది ఇదంతా?"

"నిన్న మా ఇంట్లో, భోజనాల దగ్గర, మా బావమరిది అన్నాడు."

పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకొని ఆయన్ను కాస్త వింతగా చూశాడు. "మీ ఆవిడకి తెలుసా, నువ్వొచ్చి చెప్తావని?"

"తెలుసండి."

"వాడికి?"

"తెలీదండి."

పెద్దాయన పెదవి విరిచి, కిటికీలోనుండి గేటు దగ్గరి లారీని చూశాడు. "సరే, ఏం చేద్దామంటావు? అనుమానంతో ఆర్డరు కొట్టేస్తే రేపు వాడు నిజంగా రంగులవాడే అయితే?"

"ఒక్కటే అడుగుదామండి. మన ఫిట్టర్ని మన ఖర్చుతో ఊరికే పంపుతామందాం. నిజంగా కార్ఖానా ఉన్నవాడు ఎగిరి గంతేస్తాడు."

బావమరిదిని పిలిపించారు. వాడు ఇస్త్రీ చొక్కాతో, ఒళ్లంతా నవ్వుతో వచ్చాడు. కారణమేమీ చెప్పకుండా, ఫిట్టర్ని ఉచితంగా పంపుతామన్న కబురు వర్తకుడికి స్వయంగా వాడే చెప్పాలని పెద్దాయన అన్నాడు. వాడు పొంగిపోయాడు. "చూశావా బావా, మా పార్టీకి ఎంత మర్యాదో!" అంటూ, గదిలో అందరికీ వినబడేలా ఫోనును బల్ల మీద పెట్టి మాట్లాడాడు.

అవతలి గొంతు మొదట తేనెలా ఉంది. చాలా సంతోషమన్నది, అయినా అక్కర్లేదన్నది.

"ఊరికేనండీ! ఖర్చంతా మాదే" అన్నాడు బావమరిది.

తమ దగ్గర మనుషులున్నారన్నది గొంతు.

కార్ఖానా ఎక్కడో చెబితే చాలు, ఫిట్టరే వెతుక్కుంటూ వస్తాడని అడగమని పెద్దాయన సైగ చేశాడు. బావమరిది అడిగాడు. సరుకును రేవు గోదాములో దింపడం వరకే మీ పని అన్నది గొంతు. ఈసారి అందులో తేనె లేదు. మీకు ఇష్టం లేకపోతే అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారన్నది. ఇంతకీ ఈ ప్రశ్నలు అడిగిస్తున్నదెవరన్నది. బావమరిది జవాబు వెతుక్కునేలోగా ఫోను కట్టయింది.

వాడు వెర్రిబాగులవాడే గానీ తెలివిలేనివాడు కాదు. బల్ల మీది ఫోనును, పెద్దాయనను, రెండో బల్ల అమ్మాయిని వరుసగా చూసి, చివరికి బావ దగ్గర చూపు నిలిపాడు. ఇస్త్రీ చొక్కా లోపల మనిషి కుంచించుకుపోయాడు.

"నిన్న అన్నం దగ్గర నేనన్నదేనా?"

"అదే."

"నాతో ఒక్క మాట అనుంటే నేనే వచ్చి ఆపేవాణ్ణి కదా బావా."

"ఆపేవాడివేమో. కానీ నేను చెప్తే ఆపావనేవాళ్లు."

"ఎవరు?"

"రేపు నిన్ను అడిగేవాళ్లు."

వాడు లేచి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. లారీని ఖాళీగా తిప్పి పంపారు. పెట్టెలను తిరిగి షెడ్డులోకి మోయించారు. జరిగినదంతా, తమ ముద్ర పడిన సంగతితో సహా, కార్ఖానావారే ఎగుమతి అనుమతులిచ్చే ప్రభుత్వ కార్యాలయానికి తెలియజేశారు. "ఆ ముద్ర ఆమెది కావచ్చు, తప్పులో సగం నాది" అని గొళ్లెం గారు తన సంతకంతో విడిగా రాసి జతచేశారు. అప్పటినుండి ఆఫీసు కట్టుబాటుకు ఒక తోక చేరింది. తప్పుకునేవాడు తాను అప్పగిస్తున్న మనిషికి ఆ సంగతి ముఖాముఖి చెప్పాలి. అందుకున్నవారు "ఇది నాది, మీరు చూశారని అనుకోను" అని పైకి అనాలి. మొదట్లో ఆ మాట అనడానికి అందరూ సిగ్గుపడి నవ్వేవారు. తరువాత అలవాటయింది.

ఆ పంపులు ఎక్కడికి చేరవలసి ఉండెనో చివరికీ తెలియలేదు. రేవు పట్టణంలో విచారిస్తే, ఆ చిరునామాలో తాళం వేసిన గోదాము ఒకటి కనబడిందనీ, ఆ చుట్టుపక్కల రంగుల కార్ఖానా అన్నది ఎన్నడూ లేదనీ మాత్రం కబురు వచ్చింది.

బావమరిదిని కార్యాలయానికి పలుమార్లు పిలిచారు. తెలిసే తెచ్చాడా, తెలియక తెచ్చాడా అన్నది ప్రశ్న. వాడు గుడ్ల నీరు కుక్కుకొని చెప్పిందే చెప్పాడు. అధికారి నమ్మలేదు. చివరికి గొళ్లెం గారిని సాక్ష్యానికి పిలిచి, ఆదివారం భోజనాల దగ్గర వాడన్న మాటలను ఉన్నవి ఉన్నట్టుగా చెప్పమన్నారు. ఆయన "బంగారంలాంటి పార్టీ" మొదలుకొని "నన్ను ఒక్క మాట కూడా అడగరు" వరకూ ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పారు. అక్క ఎగతాళిని కూడా వదలలేదు. అధికారి ముసిముసిగా నవ్వి, కలం మూసి, కుట్రలో ఉన్నవాడు ఆ కుట్ర సంగతిని అన్నం తింటూ ఇంత గొప్పగా చెప్పుకోడన్నాడు. వాడి మీద కేసు లేకుండా పోయింది. బావ ఏ మాటను మోసుకుపోయినందుకు వాడు ఆయనతో పలకడం మానేశాడో, ఆ మాటే వాణ్ణి బయటపడేసింది. భగవంతుడు మనుషుల లెక్కలను ఇలా కలిపి కొట్టివేయడం కొత్త కాదు. అయితే లెక్క తీరినంత మాత్రాన మనసు తీరదు. కార్యాలయం మెట్లు దిగుతూ వాడు బావకు నమస్కారం పెట్టాడు. దగ్గరివాళ్లు పెట్టే నమస్కారం కాదది.

చాలా ఆదివారాలు ఖాళీగా గడిచాయి. భార్య భర్తను తప్పు పట్టలేదు. కానీ మూడో కంచం తీయడానికి అలవాటుగా చేయి చాచి, వెనక్కి తీసుకోవడం ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవారు. వాడు పైపులు అమ్మే కొట్టులో చేరాడనీ, అక్కడినుండే చిన్న చిన్న ఆర్డర్లు తెస్తున్నాడనీ, కొనేవాణ్ణి చిరునామా అడిగి అడిగి విసిగిస్తున్నాడనీ ఆమెకు ఎవరో చెప్పారు.

ఒకనాడు ఏ కబురూ లేకుండా వచ్చాడు. చెప్పులు ఒద్దికగా విప్పి, గోడవారగా పెట్టి, అక్క చూపిన చోట కూర్చున్నాడు. ఎండలు ముదిరాయన్నాడు. వంటింటి కుళాయి కారుతున్నట్టుంది, వాషరు మార్చాలన్నాడు. బావ అవునన్నారు. ముద్దలు సక్రమంగా నోట్లోకి పోతున్నాయి. మాటలు మాత్రం గడప దాటే ముందు ఒకసారి ఆగి తమను తాము తడిమి చూసుకుంటున్నాయి.

ఉండబట్టలేక గొళ్లెం గారే కదిపారు. "కొట్టులో ఎలా ఉందిరా? పెద్ద పార్టీ ఏదో వచ్చిందట."

వాడు మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, బావ మొహంలోకి చాలాకాలానికి నేరుగా చూశాడు.

"వచ్చింది బావా. ఆ సంగతి ఆఫీసు వేళల్లో వచ్చి చెప్తా. ఇక్కడ అన్నం తిననీ."

అక్క ఫక్కున నవ్వింది. ఒక క్షణం తరువాత వాడు కూడా కొద్దిగా నవ్వాడు. గొళ్లెం గారు, వాడు ఎంత చనువిస్తే అంత నవ్వి, తల వంచుకొని భోజనం ముగించారు.